ప్యాకెట్ల వరుస – 4వ పాఠం: ట్రాన్స్‌మిట్ రింగ్

గత పాఠంలో ప్యాకెట్ సాకెట్ నుంచి బయలుదేరి, ఐపీ పొరను దాటి, లినక్స్ కెర్నెల్‌లోని క్యూడిస్క్ (ఏ ప్యాకెట్ ఎప్పుడు వెళ్లాలో నిర్ణయించే వరుస) వద్ద నిలబడేంత వరకు చూశాము. అక్కడి నుంచి తీగ మీదికి వెళ్లేలోపు అది ఆగే మరో చోటు ఉంది. ఆలస్యం అంతుపట్టని సందర్భాల్లో ముందుగా అనుమానించవలసినది ఈ చోటునే అని నా అభిప్రాయం.

అదే నెట్‌వర్క్ కార్డు డ్రైవర్ నడిపే ట్రాన్స్‌మిట్ రింగ్. ఇది మెమరీలో వలయంలా తిరిగే డిస్క్రిప్టర్ల పట్టిక. పంపవలసిన సమాచారం మెమరీలో ఎక్కడుందో, దాని పొడవెంతో ఒక్కో డిస్క్రిప్టర్‌లో రాసి ఉంటుంది. డ్రైవర్ వీటిని నింపుకుంటూ పోతే, కార్డు వాటిని అదే క్రమంలో చదివి, డీఎంఏ (ప్రాసెసర్ ప్రమేయం లేకుండా నేరుగా మెమరీని చదివే పద్ధతి) ద్వారా ప్యాకెట్‌ను తానే తెచ్చుకొని పంపుతుంది. రింగ్ నిండినప్పుడు డ్రైవర్ తన క్యూను మూసివేస్తుంది. పంపడం పూర్తయిందని కార్డు ఇంటరప్ట్ (ప్రాసెసర్‌కు పంపే సంకేతం) ద్వారా తెలిపి, ఖాళీ ఏర్పడ్డాక తిరిగి తెరుస్తుంది.

రద్దీ వేళ అమీర్‌పేట మెట్రో స్టేషన్‌ను గుర్తు చేసుకోండి. టికెట్ గేట్లకు ఇవతల ఉన్నంతసేపు సిబ్బంది తలచుకుంటే ఒక వృద్ధురాలిని ముందుకు పంపగలరు. కిక్కిరిసిన ప్లాట్‌ఫామ్ మీదికి చేరాక ఎవరి ముందు ఎవరున్నారో వారే ముందు ఎక్కుతారు. క్యూడిస్క్ గేటుకు ఇవతలి చోటు, రింగ్ ప్లాట్‌ఫామ్. ఏ ప్యాకెట్ ముందు వెళ్లాలో తేల్చే తెలివి అంతా క్యూడిస్క్‌లోనే ఉంది కనుక, వేచి ఉండక తప్పనప్పుడు ప్యాకెట్ అక్కడే వేచి ఉండాలి.

లెక్క వేసి చూద్దాం. 256 డిస్క్రిప్టర్ల రింగ్‌లో ఒక్కొక్కటి 1500 బైట్ల ప్యాకెట్‌ను సూచిస్తే మొత్తం 3,84,000 బైట్లు. గిగాబిట్ లింకు మీద ఇది సుమారు 3 మిల్లీసెకన్లలో ఖాళీ అవుతుంది. అదే లింకు 10 మెగాబిట్లకు దిగితే 300 మిల్లీసెకన్లు దాటుతుంది. వెనుక వచ్చిన చిన్న పింగ్ ప్యాకెట్ కూడా అంతసేపూ ఆగవలసిందే.

2012లో వచ్చిన లినక్స్ 3.3 దీనికి బైట్ క్యూ లిమిట్స్ అనే పరిష్కారాన్ని తెచ్చింది. ప్యాకెట్ల పరిమాణాలు ఎంతగానో మారుతాయి కాబట్టి, ఇది ప్యాకెట్లను కాక రింగ్‌లోని బైట్లను లెక్కించి, కార్డు ఖాళీగా కూర్చోకుండా ఎంత అవసరమో అంతకే పరిమితిని తనంతట తానే సర్దుకుంటుంది. అయితే డ్రైవర్ సహకరించాలి. అన్ని డ్రైవర్లూ సహకరించవు.

ఇక అభ్యాసం. తీగతో కలిపిన రెండు పాత కంప్యూటర్లు చాలు; పని చేసుకునే కంప్యూటర్‌ను దీనికి వాడవద్దు. పంపే కంప్యూటర్‌లో ప్రవాహాలను వేర్వేరు వరుసల్లో ఉంచే ఎఫ్‌క్యూ కోడెల్ క్యూడిస్క్‌ను అమర్చి, కార్డు అమరికలను చూపి మార్చే ఈత్‌టూల్ ఆదేశంతో రింగ్ పరిమాణం చూసి రాసుకొని, లింకును 10 మెగాబిట్లకు దించండి. నెట్‌వర్క్ వేగాన్ని పరీక్షించే ఐపెర్ఫ్3తో ఎనిమిది యూడీపీ (రద్దీని బట్టి తనంతట వేగం తగ్గించుకోని) ప్రవాహాలను లింకు మోయగలిగినదానికి మించిన వేగంతో పంపుతూ, రెండో కంప్యూటర్‌కు పింగ్ ఇచ్చి సమయం నమోదు చేయండి. తరువాత సిస్‌ఎఫ్‌ఎస్‌లో (కెర్నెల్ అమరికలు ఫైళ్లుగా కనిపించే చోట) డ్రైవర్ క్యూకు సంబంధించిన బైట్ క్యూ లిమిట్స్ కనిష్ఠ పరిమితిని పది లక్షల బైట్లకు పెంచి, మళ్లీ కొలవండి. డ్రైవర్ సహకరించేదైతే రెండో కొలత బాగా పెరుగుతుంది. రెండు కొలతల్లోనూ తేడా లేకపోతే, డ్రైవర్ పేరును అంకెల పక్కనే రాసి పెట్టుకోండి. 5వ పాఠంలో కోడెల్ (క్యూలో ప్యాకెట్ వేచి ఉండే సమయాన్ని అదుపులో పెట్టే పద్ధతి) పాటించే 5 మిల్లీసెకన్ల లక్ష్యాన్ని ఈ అంకెల మీదే పరీక్షిస్తాము.