యాపిల్-2 డిస్కు ఇమేజ్ చదవడం, 4వ పాఠం: ఏడు పేర్లకే ఎందుకు ఆగుతోంది?

పోయిన పాఠం చూసి, డిస్కు ఇమేజ్‌లోని (డిస్కు బైట్లన్నీ ఉన్నవున్నట్టు దాచిన ఫైలు) ఫైళ్ల పేర్లు చూపించే ప్రోగ్రామ్ రాసినవాళ్లలో చాలామందికి ఒకే చోట బండి ఆగింది. డిస్కులో ఇరవై ఫైళ్లున్నా తెరమీదికి ఏడు పేర్లే వచ్చాయి. ఎర్రర్ లేదు, చెత్త అక్షరాలూ లేవు. దాంతో లూపులోనే తప్పుందనుకుని దాన్నే తిరగరాస్తూ కూర్చున్నారు. లూపు జోలికి వెళ్లకండి, అది బాగానే ఉంది. ఈసారి చెప్పాల్సిన తొలగించిన ఫైళ్ల సంగతి అభ్యాసంలోకి పోయింది. ముందు ఇది తేలాలి.

యాపిల్-2 డిస్కు వ్యవస్థ డాస్ 3.3. దాని డిస్కులో 35 ట్రాకులు, ట్రాకుకు 16 సెక్టార్లు, సెక్టారుకు 256 బైట్లు. మొత్తం 1,43,360 బైట్లు. ఈ సెక్టార్లను ఇమేజ్ ఫైల్లో పేర్చే వరసలు రెండున్నాయి: డాస్ వరస, దాని తర్వాత వచ్చిన ప్రోడాస్ వ్యవస్థ వరస. సైజు రెండింటికీ ఒకటే. పేరు చివర డీఎస్‌కే అని ఉంటే లోపల ఏ వరస ఉందో తెలియదు. నాకు ఆ ఎక్స్‌టెన్షన్ అంటేనే ఒళ్లు మంట. నా దగ్గరున్నవాటికి డాస్ వరసైతే డీఓ అని, ప్రోడాస్ వరసైతే పీఓ అని మార్చి పెట్టుకుంటాను.

ప్రోడాస్ వరసలో 0, 15 సెక్టార్లు కదలవు. మిగతావి తారుమారవుతాయి: 1 చోట 14, 2 చోట 13, అలా. ఇప్పుడు 17వ ట్రాకు చూడండి. వీటాక్ (ఏ సెక్టార్లు ఖాళీయో చెప్పే పట్టిక) ఉండేది 0లో, కేటలాగ్ (ఫైళ్ల పేర్ల జాబితా) మొదలయ్యేది 15లో. రెండూ కదలనివే! ఒక కేటలాగ్ సెక్టారులో ఫైలుకొకటి చొప్పున 35 బైట్ల ఎంట్రీలు ఏడే పడతాయి, కాబట్టి మొదటి ఏడు పేర్లు ఏ వరసలోనైనా సరిగ్గానే వస్తాయి. తర్వాతి సెక్టారు ఎక్కడో చెప్పే లింకు 17, 14 అంటుంది, అంటే 17వ ట్రాకు, 14వ సెక్టారు. మీరు ఇమేజ్‌లో 73,216వ బైటు దగ్గరికి వెళ్తారు. ప్రోడాస్ వరసలో అక్కడుండేది అసలు 1వ సెక్టారు, అంటే కేటలాగ్‌లో చిట్టచివరిది. డిస్కు నిండా ఫైళ్లుంటే తప్ప అది ఖాళీయే. దాని లింకు 0, 0, అంటే ఇక సెక్టార్లు లేవని. లూపు చడీచప్పుడు లేకుండా ఆగిపోతుంది.

కనుక, సున్నా నుంచి లెక్కపెట్టి 73,217, 73,218 బైట్లు చూడండి. అక్కడ 17, 13 ఉంటే డాస్ వరస. అదే జత 69,889, 69,890లో దొరికితే ప్రోడాస్ వరస. యాపిల్-2ను పీసీలో నడిపే యాపిల్‌విన్ ఎమ్యులేటర్ కూడా ఇలాంటి తనిఖీయే చేస్తుంది, అందుకే అదే ఇమేజ్‌ను అందులో తెరిస్తే ఫైళ్లన్నీ కనిపిస్తాయి. మార్పు మాత్రం సెక్టారు చదివే ఫంక్షన్ ఒక్కదానిలోనే చేయండి. కొందరు ఇమేజ్ మొత్తాన్నీ తిప్పి మళ్లీ రాస్తారు. నేను ఒప్పుకోను, అసలు ఇమేజ్‌ను ముట్టుకోకూడదు.

అభ్యాసం: తొలగించిన ఫైలును బతికించండి. ఫైలును తీసేసేటప్పుడు డాస్ దాని ఎంట్రీ మొదటి బైట్లో 255 పెట్టి, అక్కడున్న ట్రాకు నంబరును పేరులోని 30వ అక్షరం స్థానంలో దాస్తుంది. దాంతో ట్రాక్-సెక్టార్ జాబితా (ఆ ఫైలు ఏయే సెక్టార్లలో ఉందో చెప్పేది) పట్టుకుని, ఆ ఫైలు సెక్టార్లు ఇంకా ఖాళీగానే ఉన్నాయో లేదో వీటాక్‌లో చూడండి. అక్కడ 56వ బైటు నుంచి ట్రాకుకు 4 బైట్లు. మొదటి బైటులో పై బిట్ 15వ సెక్టారుది. 1 అంటే ఖాళీ. ఒక్క సెక్టారు వేరే ఫైలుకు పోయినా, మీ ప్రోగ్రామ్ ఆ విషయం పేరు పక్కనే చూపించాలి.