ఫ్రెడెరిక్ డె విట్ పటం ఎప్పుడు అచ్చయిందో ఎలా తేల్చాలి?

మన కోస్తా తీరం కూడా ఉండే, పదిహేడో శతాబ్దపు డచ్ పటాల ప్రచురణకర్త డె విట్ పటం 'టాబులా ఇండియే ఓరియంటాలిస్' మీద 1662 అని చూడగానే ఆ కాగితం వయసు అదేనని రాసేస్తుంటారు. దయచేసి అలా రాయకండి. అది పటాన్ని అచ్చు వేసే రాగిరేకు చెక్కిన ఏడాది మాత్రమే, కాగితం దాని మీద ఎప్పుడు అచ్చయిందో వేరే సంగతి.

పదింతలు చూపే భూతద్దం, పగటి వెలుగు వచ్చే కిటికీ చాలు. ట్యూబ్‌లైటు, ఫోన్ ఫొటో వద్దు. కాగితాన్ని వెలుగుకి ఎత్తి అచ్చు గీతలు చూడండి, అంచున రేకు నొక్కిన గాడిని వేలితో తడమండి. రంగులని పట్టించుకోకండి, చేత్తో వేసినవి ఎప్పుడైనా వేసి ఉండొచ్చు.

అసలు కష్టం పబ్లిషర్ పేరున్న వరుస దగ్గరే. డె విట్ 1650లలో ఆమ్‌స్టర్‌డామ్‌లో దుకాణం పెట్టాడు, 1689లో హాలండ్ ప్రభుత్వం నుంచి ప్రివిలేజ్ (తన పటాలని వేరేవాళ్లు నకలు కొట్టకుండా రక్షణ) తెచ్చుకున్నాడు, 1706లో పోయాడు. 1710లో భార్య సరుకంతా అమ్మేస్తే చాలా రేకులు పీటర్ మోర్టియర్‌కి వెళ్లాయి, 1721 నుంచి కోవెన్స్, మోర్టియర్ సంస్థ వాటితో మళ్లీ అచ్చేసింది. అంటే ఒకే రేకు మీద పేర్లు మారుతూ వచ్చాయి.

కాబట్టి 'కుమ్ ప్రివిలేజియో' (లాటిన్‌లో 'ప్రివిలేజ్‌తో') అని ఉంటే 1689 తర్వాతది అనుకోండి. లేదంటే మాత్రం ముందుదని తేల్చేయకండి, అక్కడే అందరూ పప్పులో కాలేస్తారు. పాత పేరుని గీకి, వెనక నుంచి సుత్తితో కొట్టి చదును చేసి కొత్తది చెక్కేవాళ్లు. వెలుగుని పక్కనుంచి వాల్చి ఒక్కో అక్షరం చూస్తే, కొత్త పేరు కింద పాత అక్షరాల సన్నని నీడ కనబడుతుంది. తొందరపడితే కనబడదు, నేను అరగంటకి తక్కువ కూర్చోను.

వేలం కేటలాగుల్లో ధరలు, బొమ్మలు పోల్చడం కంటే ఇదే నమ్మకం, ఎందుకంటే అక్కడి తేదీలు ఒకరిని చూసి ఒకరు రాసినవే ఎక్కువ. అట్లాసులనీ నమ్మకండి, డె విట్ వాటిని కొనేవాళ్లు ఏరుకున్న పటాలతో కుట్టించేవాడు, తేదీ ఉండదు.

చివరికి చీటీ మీద రెండు వరుసలు రాయండి: రేకు ఫలానా ఏడాది, అచ్చు ఫలానా ఏడాది తర్వాత.