సింథ్‌తో పేలాలు వేయించడం ఎలా?

‘పాప్‌కార్న్’ అన్న పేరు తెలియకపోయినా ఆ బాణీ మీరు ఎక్కడో వినే ఉంటారు. జర్మనీలో పుట్టి అమెరికాలో స్థిరపడ్డ గెర్షన్ కింగ్స్‌లీ 1969లో మూగ్ సింథసైజర్ (కరెంటుతో స్వరాలు పుట్టించే వాద్యం, పొట్టిగా సింథ్) మీద కట్టిన బాణీ అది. 1972లో ‘హాట్ బటర్’ బృందం మళ్లీ వాయిస్తే అమెరికా చార్టుల్లో 9వ స్థానానికి ఎక్కింది. పాటలో ఒక్క మాట లేదు. ఉన్నదల్లా మూకుడులో పేలాలు ఎగిరినట్టుండే చప్పుడు. దాన్ని ఇంట్లో లాప్‌టాప్ మీదే తెప్పించవచ్చు.

1. సర్జ్ ఎక్స్‌టీ లాంటి ఉచిత సింథ్ సాఫ్ట్‌వేర్ వేసుకుని, మోనోలో (ఒకసారికి ఒకే స్వరం) పెట్టండి. అప్పటి మూగ్ ఒకసారికి ఒక్క స్వరమే పలికేది.

2. మెత్తగా పలికే ట్రయాంగిల్ వేవ్ తీసుకోండి. అసలు కిటుకు ఎన్వలప్‌లో, అంటే స్వరం ఎలా లేచి ఎలా ఆరాలో చెప్పే అమరికలో ఉంది. అటాక్ (స్వరం లేచే సమయం) సున్నా, డికే (తగ్గే సమయం) సుమారు 100 మిల్లీసెకన్లు, సస్టెయిన్ (మెట్టు నొక్కి ఉంచితే నిలిచే మోత) పూర్తిగా సున్నా, రిలీజ్ (మెట్టు వదిలాక ఆరే సమయం) వీలైనంత పొట్టిగా. స్వరం పుట్టీ పుట్టగానే ఆరిపోవాలి, బిందెలో నీటిబొట్టు పడ్డట్టు. మొదటిసారి నేను సస్టెయిన్ దించడం మరిచిపోయి గంటసేపు కుస్తీ పట్టాను. పేలాల బదులు అంబులెన్స్ వచ్చింది!

3. పై ధ్వనులను కోసేసే లో పాస్ ఫిల్టర్‌ను కాస్త మూసి, దాని ఎన్వలప్‌కీ అంతే పొట్టి డికే ఇవ్వండి. ‘టప్’ అనే మొన తేలుతుంది.

4. ఇక బాణీ. అసలుది బి మైనర్‌లో ఉంది కానీ, ఏ మైనర్‌లో అయితే అన్నీ తెల్ల మెట్లే. ఏ, జీ, ఏ, ఈ, సీ, ఈ, కింది ఏ. సంగీతం నేర్చుకున్నవాళ్లకు ఇవి నఠభైరవి రాగ స్వరాలే: పై షడ్జం నుంచి స ని స ప గ ప, చివర కింది స. ఏడు స్వరాలు సమానంగా వేసి ఎనిమిదో చోటు ఖాళీగా వదలండి. రెండుసార్లు అలా వాయించాక, పై షడ్జం దగ్గరే స రి గ రి గ స రి స, రి ని స ని స ద స. ఇక్కడా చివరి చోటు ఖాళీయే. ఆ ఖాళీని మింగేస్తే బాణీ పరుగెత్తుతుంది గానీ ఎగరదు.

5. బేస్, డ్రమ్స్ వేరే ట్రాకుల్లో రికార్డు చేసి కలపండి. కుదరకపోతే వదిలేయండి. 1983 నాటి ‘డిగ్గర్’ కంప్యూటర్ గేములో ఇదే బాణీ మోగేది. పాపం, ఆ పీసీ స్పీకర్‌కూ ఒకసారికి ఒక్క స్వరమే వచ్చు.