పంటు మీద బైకు దొర్లకుండా

నరసాపురం నుంచి సఖినేటిపల్లి రేవుకి పంటు (మనుషుల్నీ బండ్లనీ గోదావరి దాటించే పెద్ద పడవ) మీద దాటి అంతర్వేది వైపు పాత స్నేహితుల్ని చూడ్డానికి బైకు మీద వెళ్తుంటారుగా. పంటు ఒడ్డుకి తగిలినప్పుడు ఆ కుదుపుకి సైడు స్టాండు మడుచుకుపోయి, బండి పక్కబండి మీద పడొచ్చు.

పాత సైకిల్ ట్యూబులోంచి రెండు వేళ్ల వెడల్పు, అడుగు పొడవు ముక్క కోసుకోండి. ఇంజను ఆపి ఫస్ట్ గేరులో ఉంచి, ముందు చక్రం బ్రేకు లివరు పూర్తిగా నొక్కి, హ్యాండిల్ గ్రిప్పుకి కలిపి మూడు చుట్లు బిగించండి. స్కూటరుకి గేరుండదు కాబట్టి ఎడమ లివరుకీ కట్టాలి. స్నేహితులకి పట్టుకెళ్లే పూతరేకుల పెట్టె మాత్రం హ్యాండిలుకి తగిలించకండి, చేత్తో పట్టుకోవడమే మేలు.

పంటు చెక్కలు తడిగానో ఇసకగానో ఉంటే చక్రం తిరక్కపోయినా టైరు జారుతుంది. అప్పుడు బండి పట్టుకునే నిలబడాలి. దిగేముందు ట్యూబు విప్పడం మరవకండి.