ఆకులేని దుంగ ఏ చెట్టుది? బెరడు, చేవ పట్టి పోల్చుకోవడం

తుపానుకు కూలిన మానుకైనా, అడితిలో పడున్న దుంగకైనా ఆకూ పువ్వూ ఉండవు. మిగిలేవి బెరడు, చెక్క. చెక్కలో లోపలి ముదురు భాగమే చేవ. ఎక్కువమంది పొరబడేది పేర్లు తెలియక కాదు, పాతబడిన పైపొరను చూసి తేల్చేయడం వల్ల.

సమస్య: బెరడు ఏ ఫొటోతోనూ కలవడం లేదు.
విశాఖ రోడ్ల పక్క చెట్లకు సున్నం, జాజు పూస్తారు. పూత లేని పైభాగం చూడండి. లేత కొమ్మ బెరడు నునుపుగా ఉండి మోసం చేస్తుంది, ముదురు మానునే నమ్మాలి. నల్లమద్ది బెరడు మొసలి చర్మంలా గళ్లుగా పగులుతుంది. తెల్లమద్దిది నున్నగా ఉండి పలచని పెచ్చులుగా ఊడుతుంది.

సమస్య: రెండు మూడు పేర్లు తోస్తున్నాయి.
పచ్చి దుంగైతే లోపలి పట్ట మీద 2 సెం.మీ. గాటు పెట్టి ఆగండి. ఎర్రటి జిగురు ఊరితే వేగిస కావచ్చు. తెల్లని పాలు కారితే అంకుడు వైపు వెతకండి, ఏటికొప్పాక బొమ్మల కర్ర అదే. పాలు కళ్లకు, నోటికి తగలనీయకండి. కంబాలకొండ అభయారణ్యంలో మాత్రం ఏ చెట్టుకూ కత్తి తగలకూడదు.

సమస్య: చెక్క బూడిదరంగులో ఉంది.
ఎండావానల ప్రభావం. 3 మి.మీ. చిత్రిక పడితే అసలు రంగు బయటపడుతుంది.

సమస్య: అడ్డకోతలో రంధ్రాలు కనిపించడం లేదు.
అసలు ఆధారం ఇక్కడే ఉంది, తొందరపడొద్దు. రంపం నారను చీల్చి రంధ్రాలను పూడ్చేస్తుంది. అడ్డకోతను తడిపి, కొత్త బ్లేడుతో కాగితమంత పలచని పొర ఒక్క లాగుడులో తీయండి. వెనక్కీ ముందుకూ రుద్దితే మళ్లీ పూడుతుంది. 10 రెట్ల భూతద్దంతో పక్క వెలుతురులో చూడండి. టేకులో పెద్ద రంధ్రాలు ఏటేటా పెరిగే వలయం మొదట్లో వరుస కడతాయి, తోలు లాంటి వాసన వస్తుంది. నల్లతుమ్మలో వరుస ఉండదు, ఒక్కో రంధ్రం చుట్టూ లేతరంగు మచ్చ ఉంటుంది. వలయాలే లేకుండా నల్లని చుక్కలు చెదిరి ఉంటే అది తాటిచెట్టో కొబ్బరిచెట్టో.

సమస్య: టేకని అమ్మారు, అనుమానంగా ఉంది.
5 సెం.మీ. ఘనం కోసి, బరువు ఇక తగ్గనంత వరకు ఇంట్లో ఆరబెట్టండి. సముద్రపు తేమ వల్ల ఇక్కడ వారాలు పడుతుంది. టేకు సుమారు 80 గ్రాములు తూగుతుంది, నల్లమద్ది సాధారణంగా 100 పైనే. రంగును బట్టి తేల్చకండి, పాలిష్ దేన్నైనా టేకు చేస్తుంది.

ఇంతా చేసినా చెక్కతో తరచుగా తెలిసేది ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) దాకానే. అంతకు మించి కావాలంటే బెంగళూరులోని కలప శాస్త్ర సాంకేతిక సంస్థకు పంపండి. బెరడు, తెల్లచెక్క (బెరడు కిందుండే లేత చెక్క), చేవ మూడూ ఒకే ముక్కలో ఉండాలి. దొరికిన చోటు, మాను చుట్టుకొలత రాసిన చీటీ దానికే కట్టండి.