పికప్ వెనక బ్రేక్ పట్టడం లేదా? డిస్కులకు మార్చే ముందు ఇవి చూడండి

"అన్నా, వెనక డ్రమ్ములు తీసేసి డిస్కులు వేయించమంటావా?" లోడ్ పికప్ నడిపేవాళ్లు నన్ను తరచూ అడిగే మాట ఇది. మదనపల్లె నుంచి టమాటా లోడుతో భాకరాపేట ఘాట్ దిగేవాళ్ల టెన్షన్ నాకు తెలుసు. కానీ నేను విప్పి చూసిన బండ్లలో చాలావాటికి తప్పు డ్రమ్ముది కాదు, దాని లోపల ఎవరూ పట్టించుకోని చిన్న చిన్న పనులది.

మొదటిసారి పెడల్ కిందకి పోతోంది, రెండోసారి తొక్కితే పైకొస్తోంది

లైనర్లు (డ్రమ్ముకి లోపలి నుంచి ఆనుకునే షూల మీది రాపిడి పొర) అరిగి షూలకీ డ్రమ్ముకీ మధ్య గ్యాప్ పెరిగింది. ఇక్కడ హ్యాండ్ బ్రేక్ కేబుల్ బిగించి పంపేస్తుంటారు. కేబుల్ షూలను లాగి పట్టుకుంటుంది కాబట్టి పెడల్ బాగైనట్టే ఉంటుంది. అరిగేకొద్దీ గ్యాప్ తనంతట తగ్గించే ఆటో అడ్జస్టర్ మాత్రం పనిచేయడం మానేస్తుంది.

ముందు చక్రాలకు అడ్డు పెట్టి, వెనక జాకీతో లేపి స్టాండ్ల మీద నిలపండి. హ్యాండ్ బ్రేక్ పూర్తిగా వదలండి. డ్రమ్ము వెనకుండే బ్యాక్ ప్లేట్‌కున్న రబ్బరు బిళ్ల తీస్తే లోపల అడ్జస్టర్ పళ్ల చక్రం కనిపిస్తుంది. స్క్రూడ్రైవర్‌తో ఒక్కో పన్నూ జరుపుతూ, రెండో చేత్తో టైరు తిప్పుతూ ఉండండి. టైరు ఆగిపోయాక, సన్నగా రాసుకుంటున్న చప్పుడుతో తిరిగేదాకా వెనక్కి వదలండి. రెండు వైపులా అదే చప్పుడు రావాలి. అడ్జస్టర్ విప్పితే కుడిదీ ఎడమదీ కలపకండి. చాలా బండ్లలో వాటి మరలు ఎదురెదురు దిక్కులకు ఉంటాయి, మారితే గ్యాప్ తగ్గాల్సింది పోయి పెరుగుతుంది.

ఒక వైపు లైనరు తడిగా ఉంది

వాసన చూడండి. ఘాటైన గేర్ ఆయిల్ వాసనైతే ఆ ఆయిల్‌ని ఆపే యాక్సిల్ సీల్ పోయింది, లేకపోతే బ్రేక్ ఆయిల్‌తో షూలను తోసే వీల్ సిలిండర్ కారుతోంది. సీల్ మార్చేముందు యాక్సిల్ హౌసింగ్ మీది బ్రీదర్‌లో (లోపలి గాలి బయటికి పోయే రంధ్రం) మట్టి పట్టిందేమో చూడండి, అది మూసుకుంటే కొత్త సీలూ కారుతుంది. తడిసిన లైనర్లను పెట్రోలుతో కడిగి మళ్లీ వేయొద్దు. రెండు వైపులా కొత్తవే వేయాలి.

ఘాట్‌లో మాడిన వాసన, బ్రేక్ తేలిపోవడం

లైనరు అద్దంలా మెరుస్తుంటే వేడికి గట్టిపడినట్టే. మార్చండి. డ్రమ్ము లోపలి వ్యాసం దాని మీద పోతపోసి ఉన్న గరిష్ఠ కొలత దాటితే, లేత్‌లో చెక్కించడానికి ఇవ్వకుండా డ్రమ్మునే మార్చాలి. దిగేటప్పుడు రెండో గేరులోనే దిగండి.

కొత్త లైనర్లు వేసినా లోడు మీద వెనక పట్టడం లేదు

ఇలాగే ఒక బండి మూడుసార్లు లైనర్లు మార్చుకుని నా దగ్గరికి వచ్చింది. కింద పడుకుని చూస్తే అదనంగా రెండు కమాన్ పట్టీలు (లోడు మోసే స్ప్రింగు పట్టీలు). యాక్సిల్‌కీ ఛాసిస్‌కీ మధ్య లోడ్ సెన్సింగ్ వాల్వ్ ఉన్న బండ్లలో, బాడీ ఎంత కిందకి దిగిందన్నదాన్ని బట్టే వెనక బ్రేకులకు ప్రెషర్ వెళ్తుంది. పట్టీలు వేస్తే బాడీ దిగదు, వాల్వ్ బండి ఖాళీ అనుకుని ప్రెషర్ తగ్గించేస్తుంది. పట్టీలు తీయించి, వాల్వ్ రాడ్డును కంపెనీ కొలతకు పెట్టించాం. అదే లైనర్లతో బండి నిలబడింది.

ఇవన్నీ సరిచేశాక కూడా చాలకపోతేనే మార్పు గురించి ఆలోచించండి. పెద్ద వీల్ సిలిండర్ వేయిస్తే పెడల్ ఇంకా కిందకి పోతుంది, ఖాళీ బండికి వానలో వెనక చక్రాలు లాక్ అయి జారతాయి. డిస్కులకు మారిస్తే హ్యాండ్ బ్రేక్‌కి వేరే ఏర్పాటు కావాలి, అది లేకుండా లోడు బండిని ఏటవాలులో ఆపలేం.