పాత 300ఎస్ ఎయిర్ రైఫిల్: రేంజ్‌లో బయటపడే లోపాలు, పరిష్కారాలు

జర్మనీకి చెందిన ఫైన్‌వెర్క్‌బావ్ కంపెనీ 300ఎస్ తయారీ ఆపేసి చాలా ఏళ్లయింది. అయినా 10 మీటర్ల షూటింగ్ నేర్చుకునేవాళ్లు దానికోసం ఇంకా వెతుకుతూనే ఉన్నారు. దీనికి గాలి సిలిండరు, పంపు గొడవ లేదు. పక్కనున్న లివర్ ఒకసారి లాగితే స్ప్రింగు సిద్ధమైపోతుంది. నల్లగొండలోనో నాగర్‌కర్నూల్‌లోనో ఉంటూ ప్రాక్టీసు చేసేవాళ్లకు అది పెద్ద సుఖం. అయితే చేతికొచ్చేది ఎప్పుడూ పాతదే కాబట్టి ఏదో ఒక లోపం ఉంటుంది. లోపం కనబడగానే విప్పేయకండి. ముందు స్క్రూలు, తర్వాత పెల్లెట్లు (సీసపు గుళ్లు), ఆ తర్వాత గురి చూసే సైటు చూడండి. లోపలి భాగాల జోలికి చివర్లోనే వెళ్లాలి.

అమ్మేవాళ్లు కాగితాలు లేవంటున్నారు

రైఫిల్ నాలుగు చేతులు మారితే బిల్లు పోవడం మామూలే. అలాంటప్పుడు సీరియల్ నంబరుతో అమ్మకపు కాగితం రాయించుకుని, అమ్మినవారి గుర్తింపు కార్డు నకలు జతచేసుకోండి. 2016 ఆయుధ నియమాల ప్రకారం 4.5 మి.మీ. గొట్టం, 20 జౌళ్ల లోపు శక్తి ఉన్న ఎయిర్ రైఫిల్‌కు లైసెన్సు అక్కర్లేదు. 300ఎస్ శక్తి అందులో సగం కూడా ఉండదు. అయినా నార్కట్‌పల్లి మీదుగానో జడ్చర్ల మీదుగానో హైదరాబాద్ షూటింగ్ రేంజ్‌కు బస్సులో పోయేటప్పుడు పెట్టెలో పెట్టి, కాగితాలు వెంట ఉంచుకోండి. పక్క సీటువాళ్లకూ టెన్షన్ ఉండదు. అమ్రాబాద్ అడవి వైపు మాత్రం సరదాకైనా తీసుకుపోవద్దు. పిట్టను కొట్టినా 1972 వన్యప్రాణి చట్టం కింద కేసవుతుంది.

అమ్మేవాళ్లు రైఫిల్ చూపించేటప్పుడు పెల్లెట్ లేకుండా ట్రిగ్గర్ నొక్కనివ్వకండి. ముందు గాలి ఒత్తిడి లేక, స్ప్రింగు తోసే పిస్టన్ నేరుగా పోయి గుద్దుకుంటుంది.

గుళ్లు చెల్లాచెదురుగా పడుతున్నాయి

ఎక్కువమంది తెచ్చే ఫిర్యాదు ఇదే. ముందుభాగాన్ని మెత్తటి సంచి మీద ఆనించి, 10 మీటర్ల నుంచి ఐదేసి షాట్లు కొట్టండి. నిలబడి కొడితే తప్పు రైఫిల్‌దో మనదో తేలదు. మంచి 300ఎస్‌లో ఐదూ కలిసి ఒకే చిరుగులా కనబడాలి.

అలా రాకపోతే స్టాకు (భుజానికి ఆనించే చెక్క భాగం) స్క్రూలు బిగించి మళ్లీ కొట్టండి. తర్వాత పెల్లెట్ మార్చండి. చదునైన మూతి ఉన్న, పోటీల్లో వాడే మ్యాచ్ పెల్లెట్లే వాడాలి. వాటిలోనూ తల సైజు 4.49, 4.50 అని తేడాలుంటాయి. ఒక గొట్టానికి నచ్చింది ఇంకోదానికి నచ్చదు. సైజుకో కార్డు పెట్టి కొట్టి, కార్డు వెనక సైజు రాసుకోండి. స్క్రూ, పెల్లెట్, సైటు ఒకేసారి మారిస్తే దేనివల్ల బాగయిందో తెలియదు.

గుళ్లన్నీ ఒకేచోట పడుతూ కేంద్రానికి పక్కన ఉంటే అది లోపం కాదు, సైటు క్లిక్కులు తిప్పితే సరిపోతుంది.

వెనక్కి తన్నుతోంది

300ఎస్ గొప్పతనమే తన్నకపోవడం. కాల్చగానే గొట్టంతో సహా పైభాగమంతా స్టాకులోని పట్టాల మీద కొద్దిగా వెనక్కి జారి ఆ తన్నును మింగేస్తుంది. మళ్లీ లివర్ లాగితే ముందుకొస్తుంది. కాల్చకముందు స్టాకు అంచుకు ఎదురుగా పైభాగం మీద చిన్న టేపు ముక్క అంటించండి. షాట్ తర్వాత టేపు వెనక్కి జరగలేదంటే పట్టాలు పట్టేసినట్టే. ఏళ్ల తరబడి ఎండిన గ్రీజు, దానికి అంటుకున్న మన పాలమూరు ఎర్రదుమ్ము దీనికి కారణం. స్టాకు తీసి, పట్టాలు తుడిచి, పలచగా కొత్త గ్రీజు పూయండి.

పొగ వస్తోంది, శబ్దం పెద్దగా ఉంది

ఎవరో లోపల కుట్టుమిషన్ నూనెనో కొబ్బరినూనెనో పోశారు. పిస్టన్ ఒత్తిడికి పుట్టే వేడికి ఆ నూనె అంటుకుంటోంది. చాలాసార్లు కొన్ని షాట్లకు ఆగిపోతుంది. ఆగకపోతే విప్పి శుభ్రం చేయించాల్సిందే. మీరు మళ్లీ చుక్క కూడా వేయకండి.

దెబ్బలో బలం లేదు, గుళ్లు పైకీ కిందికీ పడుతున్నాయి

పెల్లెట్ పెట్టే చోట గొట్టం, పిస్టన్ ఉండే సిలిండరు కలిసే అతుకు మీద సన్నటి టిష్యూ కాగితం ముక్క ఉంచి, టార్గెట్ వైపే కాల్చండి. కాగితం ఎగిరితే అక్కడ గాలిని ఆపే సీల్ పోయింది. అది చవకైన పని.

కాగితం కదలకపోతే తేడా లోపలుంది. పాత 300ఎస్‌లలో పిస్టన్ ముందుండే, దాని దెబ్బను ఆపే బఫర్ కాలంతో రవ్వలా పొడైపోతుంది. లోపల లోహం కొట్టుకున్నట్టు చప్పుడొస్తుంటే దాన్నే అనుమానించండి. బఫర్, స్ప్రింగు కలిపి మార్పించుకోవడం మేలు. స్ప్రింగు బిగువులో ఉంటుంది, ఊడితే ముఖానికే తగులుతుంది. స్ప్రింగును నొక్కిపట్టే కంప్రెసర్ లేకుండా ఇంట్లో విప్పకండి, తుపాకులు బాగుచేసే తెలిసిన గన్‌స్మిత్‌కే ఇవ్వండి. ఈ విడిభాగాలు ఎక్కడ దొరుకుతాయో రైఫిల్ కొనేముందే కనుక్కోవాలి.

లివర్ నిలబడటం లేదు

రేంజ్‌లో ఇది కనబడితే ఆ రోజుకు కాల్చడం ఆపేయండి. లివర్‌ను పట్టి ఉంచే లాచ్ అరిగి ఉంటుంది. సిలిండరు ముందుకు దూసుకొస్తే పెల్లెట్ పెడుతున్న వేలు నలుగుతుంది. బాగున్న రైఫిల్‌లో కూడా ఒక చేత్తో లివర్ పట్టుకునే పెల్లెట్ పెట్టాలి. లాచ్ మార్పించాక మొదటి షాట్లు గన్‌స్మిత్ ముందే కొట్టి చూసుకోండి.